చివరి స్థానపు జట్టులో మొదటి ఐదేళ్లు

పిట్స్‌బర్గ్ పేరు చెబితే మనవాళ్లలో చాలామందికి పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడి గుర్తుకొస్తుంది. ఆ ఊరివాళ్లకు గుర్తుకొచ్చే పేర్లలో ముందు వరుసలో ఉండేది ఆ ఊరి బేస్‌బాల్ జట్టు పైరేట్స్ ఆటగాడు రొబెర్టో క్లెమెంటే. అలెగెనీ నది మీది ఒక వంతెనకు అతని పేరు పెట్టుకున్నారు. ఇప్పటి బేస్‌బాల్ మైదానంలో రైట్ ఫీల్డ్ (బ్యాటర్‌కు కుడివైపు దూరంగా ఉండే భాగం) గోడను అతని చొక్కా మీది అంకెను తలచుకుని 21 అడుగుల ఎత్తున కట్టారు. 1972 డిసెంబరు 31న నికరాగ్వా భూకంప బాధితులకు సామగ్రి తీసుకువెళ్తున్న విమానం సముద్రంలో కూలి అతను చనిపోయేనాటికి లెక్కకు సరిగ్గా 3,000 హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరడం), వరుసగా పన్నెండేళ్లు మేటి ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ పురస్కారాలు, .317 జీవితకాల బ్యాటింగ్ సగటు అతని పేరిట ఉన్నాయి. ఇలా ముగిసిన జీవితానికి మొదటి అధ్యాయాన్ని కూడా దీనికి తగిన స్థాయిలోనే రాయాలని చెప్పేవాళ్లకు అనిపించడం సహజం. అలా తయారైన కథ ఒకటి ఏళ్ల తరబడి చలామణీలో ఉంది: ఈ కుర్రవాడి విలువ తెలిసిన బ్రూక్లిన్ డాడ్జర్స్, మిగతా జట్ల కంట పడకుండా అతన్ని మాంట్రియల్‌లోని తమ చిన్న జట్టులో దాచిపెట్టారనీ, పిట్స్‌బర్గ్ పైరేట్స్ అది పసిగట్టి ఎగరేసుకుపోయారనీ.

ఈ కథలో ఒక దొంగ, ఒక గడుసువాడు, మధ్యలో ఒక లంకెబిందె ఉన్నాయి కానీ, ఇరవై ఏళ్ల ఆటగాడు ఎక్కడా కనిపించడు. క్లెమెంటే తొలి సీజన్లను లెక్కలతో సహా చూసినకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం వేరు. అతన్ని ముందుగా ఎవరు గుర్తించారన్న ప్రశ్నకు మనం ఇచ్చే ప్రాధాన్యం మితిమీరినది. బాగా ఆడలేకపోతున్న నెలల్లో కూడా అతన్ని రోజూ మైదానంలోకి దింపగల స్థితిలో ఏ జట్టు ఉందన్నదే అతని భవిష్యత్తును నిర్ణయించింది. ఆ స్థితి పైరేట్స్‌కు దూరదృష్టి వల్ల రాలేదు, ఏళ్ల తరబడి ఓడిపోతూ ఉండటం వల్ల వచ్చింది.

క్లెమెంటే 1934 ఆగస్టు 18న ప్వెర్టో రికోలోని కరోలీనాలో పుట్టాడు. తండ్రి మెల్చోర్ చెరకు తోటల్లో కూలీల మీద మేస్త్రీగా పనిచేసేవాడు, పిల్లలందరిలోకీ రొబెర్టో చిన్నవాడు. హైస్కూల్లో ఈటె విసరడంలో పేరు తెచ్చుకున్నాడు. తర్వాత రోజుల్లో అతని భుజబలం గురించి చెప్పేవాళ్లందరూ ఆ ఈటె దగ్గరే మొదలుపెడతారు. 1952 అక్టోబరులో, పద్దెనిమిదేళ్లు నిండిన కొత్తలో, వారానికి 40 డాలర్ల జీతం మీద సాన్‌తుర్సె జట్టు అతన్ని తీసుకుంది. అది శీతాకాలపు లీగ్ జట్టు. అమెరికాలో మంచు పడే నెలల్లో అక్కడి పెద్ద ఆటగాళ్లు కూడా వచ్చి ఆడే పోటీ కాబట్టి, మొదటి సీజన్‌లో ఈ కుర్రవాడు ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్నాడు. అదే ఏడాది డాడ్జర్స్ ప్రతినిధి అల్ కంపానిస్ సాన్ హ్వాన్‌లో నిర్వహించిన ఎంపికకు వెళ్లి, పరుగుతోనూ విసురుతోనూ ఆయన్ను నివ్వెరపరిచాడు. 1954 ఫిబ్రవరి 19న డాడ్జర్స్ 5,000 డాలర్ల జీతం, 10,000 డాలర్ల బోనస్ ఇచ్చి ఒప్పందం చేసుకున్నారు. మిల్వాకీ బ్రేవ్స్ అంతకు చాలా ఎక్కువే ఇస్తామన్నా, మాట ఇచ్చేశానని క్లెమెంటే బ్రూక్లిన్ వైపే నిలిచాడు.

చిక్కంతా ఆ బోనస్‌తోనే వచ్చింది. డబ్బున్న జట్లు కుర్రవాళ్లను పోగుచేసి తమ చిన్న జట్లలో నిల్వ పెట్టుకోకుండా ఆపడానికి అప్పట్లో ఒక నియమం ఉండేది. 4,000 డాలర్లకు మించి బోనస్ తీసుకున్న కొత్త ఆటగాడు రెండు సీజన్ల పాటు మేజర్ లీగ్ (అత్యున్నత స్థాయి) జట్టులోనే ఉండాలి. కింది స్థాయికి పంపితే, సీజన్ చివర జరిగే డ్రాఫ్టులో (జట్లు వంతుల వారీగా ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) ఏ జట్టయినా 4,000 డాలర్లు కట్టి అతన్ని తీసుకుపోవచ్చు. ఇది తెలిసి తెలిసీ డాడ్జర్స్ అతన్ని మాంట్రియల్ రాయల్స్‌కు పంపారు. అప్పటి బ్రూక్లిన్ జట్టును ఒక్కసారి చూస్తే కారణం అర్థమవుతుంది: సెంటర్ ఫీల్డ్‌లో డ్యూక్ స్నైడర్, రైట్ ఫీల్డ్‌లో అంతకుముందు ఏడాదే లీగ్ బ్యాటింగ్ కిరీటం గెలిచిన కార్ల్ ఫ్యురిలో. నల్లజాతి ఆటగాళ్ల సంఖ్య విషయంలో ఆ జట్టుకు కాగితం మీద లేని పరిమితి ఒకటి ఉండేదన్న వాదనా ఉంది. మరో కారణాన్ని జనరల్ మేనేజర్ బజ్జీ బవాసీ తానే తర్వాత చెప్పుకున్నారు. క్లెమెంటే న్యూయార్క్ జయంట్స్‌కు దక్కకూడదు, ఎందుకంటే అక్కడ అప్పటికే మేటి సెంటర్ ఫీల్డర్ విల్లీ మేస్ ఉన్నాడు. ఆ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టుకున్న ప్రత్యర్థిని ఊహించుకోవడానికే వాళ్లకు భయం వేసి ఉంటుంది.

ఇక మాంట్రియల్. 87 ఆటలు, 148 బ్యాటింగ్ అవకాశాలు, 38 హిట్లు, రెండు హోమ్ రన్లు (ఒక్క దెబ్బకు బేసులన్నీ చుట్టి రావడం), సగటు .257. క్రికెట్‌కు అలవాటుపడ్డవారి కోసం ఒక మాట: ఇక్కడ సగటు అంటే హిట్ల సంఖ్యను అవకాశాల సంఖ్యతో భాగించగా వచ్చేది. పదింటికి మూడు హిట్లు, అంటే .300, కొడితే మేటి బ్యాటర్. .250 దగ్గర ఉంటే మామూలువాడు. దాచిపెట్టారనే కథ చెప్పేవాళ్లు ఈ 148ని చూపిస్తారు. బాగా ఆడిన మర్నాడే కూర్చోబెట్టారనీ, ఒకే ఆటలో మూడు ట్రిపుల్స్ (ఒక్క దెబ్బకు మూడో బేస్ చేరడం) కొట్టినా పక్కన పెట్టారనీ అంటారు. స్టూ థార్న్‌లీ అనే బేస్‌బాల్ చరిత్రకారుడు ఆ సీజన్ ఆటల వివరాలను ఒక్కొక్కటిగా తిరగేసి చూస్తే ఆ మూడు ట్రిపుల్స్ ఆట ఎక్కడా దొరకలేదు. బయటపడింది చాలా సాధారణమైన సంగతి. మేనేజర్ మాక్స్ మేకన్, ముఖ్యంగా సీజన్ రెండో సగంలో, ఎడమచేతి పిచర్లు (బంతి వేసేవాళ్లు) వచ్చిన రోజుల్లో కుడిచేతి బ్యాటరైన క్లెమెంటేను దింపాడు (ఎదురు చేతి పిచర్లను ఆడటం బ్యాటర్లకు సులువు), మిగతా రోజుల్లో వేరేవాళ్లను దింపాడు. ఆటలు గెలవాలనుకునే మేనేజర్లందరూ చేసేదే ఇది.

ఇంతకూ అక్కడ దాగినదేమిటి? పైరేట్స్ తరఫున క్లైడ్ సూకఫోర్త్ వచ్చింది జో బ్లాక్ అనే పిచర్‌ను చూడటానికి. ఆట మొదలుకాకముందు సాధనలో అవుట్‌ఫీల్డ్ నుంచి ఒక కుర్రవాడు విసిరిన బంతులు చూసి, పిచర్ సంగతి మరిచిపోయాడు. సాధనలోనే కనిపించే భుజాన్ని ఎవరూ దాచలేరు, ఆ రోజుల్లో కింది స్థాయి మైనర్ లీగ్ ఆటలకు ఇతర జట్ల ప్రతినిధులు వస్తూ పోతూ ఉండేవారు. బ్రూక్లిన్‌కు అతన్ని కాపాడుకోవాలన్న కోరిక ఉండే ఉంటుంది, కాదనను. అయితే వాళ్లు చేసిన పనిని కుట్ర అనడం కంటే, రెండు పడవల మీద కాళ్లు పెట్టడం అంటే సరిపోతుంది. అతన్ని తమ జట్టులో ఆడించేంత నమ్మకమూ లేదు, ఇతరులకు వదిలేసేంత నిర్లక్ష్యమూ లేదు. ఈ మధ్యలో నలిగిపోయినవాడికి అది కుట్రలాగే అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఇంగ్లిష్ అంతంతమాత్రం, ఫ్రెంచ్ అసలే రాదు, ఎందుకు ఆడించడం లేదో చెప్పేవాళ్లు లేరు. ఆ ఏడాది తనకు అన్యాయం జరిగిందని క్లెమెంటే చివరిదాకా నమ్మాడు. అతను పడ్డ బాధ నిజం, దానికి మనం కల్పించిన కారణమే అనుమానాస్పదం.

1954 నవంబరు 22న డ్రాఫ్టు జరిగింది. అధమస్థానంలో ఉన్న జట్టుకే మొదటి ఎంపిక కాబట్టి వరుస పైరేట్స్‌ది. అప్పుడు వాళ్ల జనరల్ మేనేజర్ బ్రాంచ్ రికీ, అంటే 1945లో బ్రూక్లిన్‌లో ఉండగా, ఆధునిక మేజర్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడైన జాకీ రాబిన్‌సన్‌తో సంతకం చేయించి మరుసటి ఏడాది ఇదే మాంట్రియల్‌కు పంపిన మనిషి. నాలుగు వేల డాలర్లకు క్లెమెంటే పిట్స్‌బర్గ్ సొత్తయ్యాడు. రికీ దూరదృష్టికి ఇందులో కొంత భాగం ఇవ్వాలి కానీ, ఆ వరుస తెచ్చిపెట్టింది మాత్రం 1952 నుంచి ఆ జట్టు వదలని చివరి స్థానం.

ఈ దశలో బ్రూక్లిన్ వాళ్లు నియమాన్ని పాటించి అతన్ని తమ దగ్గరే ఉంచుకుని ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు, ఊహతో పని లేకుండా జవాబు చెప్పే ఉదాహరణ ఒకటుంది. క్లెమెంటేను పోగొట్టుకున్న నెలలోపే డాడ్జర్స్ మరో బోనస్ కుర్రవాడిని తీసుకున్నారు. అతను ఎడమచేతి పిచర్ శాండీ కోఫాక్స్. ఈసారి నియమానికి తలవంచి జట్టులోనే ఉంచుకున్నారు. 1955లో ప్రపంచ సిరీస్ (మేజర్ లీగ్ తుది పోటీ) గెలిచిన ఆ జట్టులో అతనికి దక్కినవి 12 ఆటలు. తొలి ఆరు సీజన్లలో పిచర్‌గా అతని ఖాతాలో పడ్డ గెలుపులు 36, ఓటములు 40. తర్వాత అతను బేస్‌బాల్ చరిత్రలోని మేటి పిచర్లలో ఒకడయ్యాడు. గెలుస్తున్న జట్టులో నేర్చుకునేవాడికి దొరికేది కుర్చీ ఒక్కటే. దీనికి ఎదురుగా అల్ కేలైన్‌ను పెట్టి చూడండి. క్లెమెంటే పుట్టిన ఏడాదే పుట్టాడు, ఆడింది అదే రైట్ ఫీల్డ్‌లో, అతనూ బోనస్ కుర్రవాడే. బలహీనంగా ఉన్న డెట్రాయిట్ టైగర్స్ 1954 నుంచే అతన్ని రోజూ ఆడించారు. 1955లో ఇరవై ఏళ్ల వయసుకే .340 సగటుతో, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్ బ్యాటింగ్ కిరీటం గెలిచాడు.

నా వాదనకు అడ్డొచ్చే ఉదాహరణనూ ఇక్కడే చెప్పాలి. వాషింగ్టన్ సెనేటర్స్ కూడా బలహీనమైన జట్టే, వాళ్ల దగ్గరా హార్మన్ కిల్లబ్రూ అనే బోనస్ కుర్రవాడు ఉన్నాడు. మొదటి రెండు సీజన్లలో కలిపి అతనికి ఇచ్చినవి 47 ఆటలే. 1959లో తొలిసారి పూర్తి సీజన్ ఆడనిస్తే 42 హోమ్ రన్లు కొట్టాడు. కాబట్టి ఓడిపోయే జట్టులో ఉన్నంత మాత్రాన అవకాశం దానంతట అదే రాదు. ఓటమిని ఒప్పుకుని, దాన్ని కుర్రవాళ్లకు పాఠశాలగా మార్చుకునే ఓపిక యాజమాన్యానికి ఉండాలి. ఆ ఓపిక వాషింగ్టన్‌కు లేదు, పిట్స్‌బర్గ్‌కు ఉంది.

మేజర్ లీగ్‌కు వచ్చేముందు ఆ శీతాకాలంలో సాన్‌తుర్సె తరఫున క్లెమెంటే ఎవరి పక్కన ఆడాడో తెలుసా? బ్రూక్లిన్ భయపడ్డ ఆ విల్లీ మేస్ పక్కనే. ప్రపంచ సిరీస్‌లో వీపు తిప్పి పట్టిన క్యాచ్‌తో దేశమంతా మోగిపోతున్న మేస్ ప్వెర్టో రికోకు వచ్చి ఆడాడు, జట్టు కరీబియన్ సిరీస్ గెలిచింది. ఇంత మంచి శీతాకాలం మధ్యలోనే, డిసెంబరు చివర, తాగి బండి నడుపుతున్న ఒకతను క్లెమెంటే కారును గుద్దాడు. మెడకూ వెన్నుకూ దెబ్బ తగిలింది. అదే రోజుల్లో అన్న లూయిస్ మెదడులో కణితితో చనిపోయాడు. తర్వాతి సంవత్సరాల లెక్కలు చదివేటప్పుడు ఈ రెండింటినీ పక్కన పెట్టుకుని చదవాలి.

1955 ఏప్రిల్ 17న పైరేట్స్ సొంత మైదానం ఫోర్బ్స్ ఫీల్డ్‌లో తొలి ఆట, ప్రత్యర్థి బ్రూక్లినే, మొదటి హిట్ జానీ పోడ్రెస్ బంతికి. ఆ ఏడాది సగటు .255, హోమ్ రన్లు ఐదు. పైరేట్స్ 60 గెలిచి 94 ఓడారు, మళ్లీ చివరి స్థానమే. 1956లో సగటు .311కి ఎగిసింది, 1957లో వెన్నునొప్పితో .253కి పడింది, ఆ తర్వాత .289, .296. ఐదు సీజన్లు కలిపి 682 హిట్లు, 26 హోమ్ రన్లు, సగటు .282. ఆ తర్వాత వచ్చిన కీర్తి తెలియని మనిషి చేతిలో ఈ అంకెలు పెడితే, ఫర్వాలేదు, మంచి ఆటగాడే అంటాడు, అంతకు మించి అనడు. అభిమానులు దీన్ని ఒప్పుకోవడానికి ఇష్టపడరు. నాకైతే ఒప్పుకోవడంలోనే ఆసక్తి అంతా ఉందనిపిస్తుంది. మైదానం అవతలి గోడలు దూరం కాబట్టి హోమ్ రన్లు తక్కువన్న మాట నిజమే, ఫోర్బ్స్ ఫీల్డ్‌లో ఎడమవైపు లోతైన మూల 457 అడుగుల దూరంలో ఉండేది. అయితే చెడ్డ బంతుల వెంట పడే అలవాటుకు గోడను తప్పుపట్టలేం. పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్‌కు మొదటి బేస్ ఊరికే వస్తుంది. 1956లో 543 అధికారిక అవకాశాల పక్కన క్లెమెంటేకు అలా వచ్చినవి 13 మాత్రమే. కనిపించిన ప్రతి బంతినీ కొట్టాలని చూసేవాడు, పిచర్లు దాన్ని వాడుకున్నారు.

బ్యాటు ఇలా తడబడుతున్న ఏళ్లలోనే రైట్ ఫీల్డ్‌లో అతని విద్య దాదాపు పూర్తయింది. ఫోర్బ్స్ ఫీల్డ్‌లో ఆ వైపు గీత వెంబడి గోడ 300 అడుగుల దూరంలోనే ఉండేది, కింద కాంక్రీటు, దాని పైన ఎత్తుగా తెర. బంతి కాంక్రీటుకు తగిలితే ఒకలా ఎగిరేది, తెరకు తగిలితే చచ్చినట్టు కింద పడేది. ఏ బంతి ఎక్కడ తగిలి ఎటు తిరుగుతుందో పుస్తకం చదివి నేర్చుకునేది కాదు, ఏటా పదుల కొద్దీ ఆటలు అదే గోడ ముందు నిలబడి నేర్చుకోవలసింది. 1958లో అతని విసుర్లకు అవుటైన రన్నర్లు 22 మంది, లీగ్‌లో మరే అవుట్‌ఫీల్డర్‌కూ అన్ని లేవు. బ్రూక్లిన్ బెంచీ మీద కూర్చుని ఉంటే ఈ గోడ పాఠం ఎవరు చెప్పేవారు? తొలి ఐదేళ్లలో క్లెమెంటే సంపాదించినదాన్ని బ్యాటింగ్ పట్టికలో వెతికేవాళ్లకు అది దొరకదు.

1956 జూలై 25 ఆట గురించి చెప్పకుండా ఉండలేను. చికాగో కబ్స్ మీద చివరి ఇన్నింగ్స్, పైరేట్స్ 5–8తో వెనకబడి ఉన్నారు, మూడు బేసుల మీదా రన్నర్లు. కొత్తగా వచ్చిన పిచర్ జిమ్ బ్రాస్నన్ వేసిన మొదటి బంతినే క్లెమెంటే లెఫ్ట్ ఫీల్డ్ వైపు కొట్టాడు. ముగ్గురూ వచ్చేశారు, స్కోరు సమం. మూడో బేస్ దగ్గర నిలబడిన మేనేజర్ బాబీ బ్రాగన్ రెండు చేతులూ ఎత్తి ఆగమన్నాడు. క్లెమెంటే ఆగకుండా, పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ దాకా పరుగెత్తాడు, 9–8. బంతి మైదానం దాటకుండానే గ్రాండ్ స్లామ్‌తో (మూడు బేసుల మీదా రన్నర్లున్నప్పటి హోమ్ రన్‌తో) ఆట ముగిసిన సందర్భం మేజర్ లీగ్‌లో అదొక్కటే. ఆగమన్న బ్రాగన్‌దే తెలివైన మాట. అవుటై ఉంటే ఆ పరుగును ఇప్పుడు ఉదాహరణగా చెప్పి కుర్రవాళ్లను తిట్టేవాళ్లం. కిరీటం కోసం పోరాడుతున్న జట్టులో ఇలాంటి సాహసాలు రెండు బెడిసికొడితే మూడోదానికి ఆటగాడు ఉండడు.

పత్రికల సంగతి తేలిగ్గా వదిలేయడానికి లేదు. అతని పేరును వాళ్లే బాబ్ అని కుదించారు, బేస్‌బాల్ కార్డుల మీద కూడా ఏళ్ల తరబడి అదే అచ్చయింది. అతను మాట్లాడిన ఇంగ్లిష్‌ను ఉచ్చారణతో సహా వెక్కిరింపుగా అచ్చువేశారు. పరాయి దేశంలో యాసను చూసి నవ్విన అనుభవం మనలో చాలామందికి కొత్త కాదు కానీ, మర్నాడు పొద్దున ఊరంతా చదివే పేపర్లో దాన్ని చూసుకోవడం వేరు. వసంతకాలపు శిక్షణకు ఫ్లోరిడాలోని ఫోర్ట్ మైయర్స్ వెళ్తే, తెల్ల ఆటగాళ్లతో కలిసి హోటల్లో ఉండనివ్వరు, దారిలో వాళ్లు లోపల తింటుంటే నల్ల ఆటగాళ్లు బస్సులో ఎదురుచూడాలి. వెన్నునొప్పి అంటే నటన అన్నారు. గుద్దిన కారు గురించి తెలిసినవాళ్లూ అన్నారు. 1958 చివర్లో మెరైన్ రిజర్వులో చేరి ఆరు నెలలు శిక్షణ పొందాక వెన్ను గట్టిపడిందని అంటారు. 1959లో మోచేతి బాధతో 105 ఆటలే ఆడినా, అతను మళ్లీ పూర్తి సీజన్ ఆడిన 1960లో సగటు .314, హోమ్ రన్లు 16, తెచ్చిపెట్టిన పరుగులు 94.

ఆ ఏడాది పైరేట్స్ లీగ్ గెలిచి, ప్రపంచ సిరీస్‌లో యాంకీస్‌ను ఏడు ఆటల్లో ఓడించారు. క్లెమెంటే ఏడింటిలోనూ హిట్లు కొట్టాడు. అత్యంత విలువైన ఆటగాడి ఓట్లలో మొదటి స్థానం అదే జట్టులోని డిక్ గ్రోట్‌కు, రెండోది డాన్ హోక్‌కు దక్కాయి, క్లెమెంటే ఎనిమిదో స్థానంలో నిలిచాడు. .325తో బ్యాటింగ్ కిరీటం గెలిచిన గ్రోట్‌కు ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను, మొదటి స్థానం క్లెమెంటేదేనని రుజువు చేయడమూ కష్టమే. ఎనిమిది మాత్రం అన్యాయం. ఆ జట్టులో అత్యధిక పరుగులు తెచ్చినవాడి కంటే ఏడుగురు విలువైనవాళ్లు లీగ్‌లో ఉన్నారనడానికి ఆటలో కారణం దొరకదు, పైన చెప్పిన పత్రికల్లో దొరుకుతుంది. ఓట్లు వేసింది పత్రికలవాళ్లే.

మరుసటి వసంతంలో క్లెమెంటే ఇదివరకటి కంటే బరువైన బ్యాటు పట్టాడు. ఊపు కాస్త నెమ్మదించింది, బంతి కోసం ఆగడం అలవాటైంది. 1961లో .351 సగటుతో నేషనల్ లీగ్ బ్యాటింగ్ కిరీటం, మొదటి గోల్డ్ గ్లవ్, రైట్ ఫీల్డ్ నుంచి 27 మంది రన్నర్లు అవుట్. పైరేట్స్ ఆ ఏడాది 75 గెలిచి 79 ఓడి ఆరో స్థానానికి జారిపోయారు.